కచేరీ పోస్టర్ మీద ఘటం పేరు ఎక్కడ రాయాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. పదహారేళ్లుగా చెన్నైలో, విల్లివాక్కంలో ఉంటున్నాం. మా అమ్మాయి ప్లస్ టూ కామర్స్. తొమ్మిదేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటోంది. కచేరీలు చేసే స్థాయికి వస్తుందని వాళ్ల టీచరు గారు ఎప్పుడూ అనలేదు, రాదనీ అనలేదు. ఏడాదిగా పిల్ల పుస్తకాల ముందు కంటే ల్యాప్‌టాప్ ముందే ఎక్కువ కూర్చుంటోంది. టీచరు గారి శిష్యుల కార్యక్రమానికి పోస్టర్లు, స్కూల్లో సీనియర్ల బ్యాండుకు లోగో, ఎవరిదో పాటకు కవర్ బొమ్మ, ఇవీ పనులు. సంగీతమూ డిజైనూ కలిసే ఉద్యోగమే చేస్తానంటోంది. వాళ్ల నాన్న బి.కాం., ఆపైన సి.ఏ. అంటున్నారు. ‘పోస్టర్లు ఏఐ చేసేస్తుంటే నువ్వెందుకు?’ అని అడుగుతున్నారు. అలాంటి ఉద్యోగం అసలుందా? ఏ కాలేజీలో చేర్చాలి? కొత్త ల్యాప్‌టాప్ కొనమని ఇంట్లో రోజూ గొడవ. మూడు పోస్టర్లు జత చేస్తున్నాను. — ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన పక్షాన ఒక మాట చెప్పి మొదలుపెడతాను. ‘సంగీతం తెలిసిన డిజైనర్ కావలెను’ అన్న ప్రకటన ఇన్నేళ్లలో నా కంటపడలేదు. ఉద్యోగం పేరు గ్రాఫిక్ డిజైనరో, మోషన్ డిజైనరో, బ్రాండ్ డిజైనరో అయి ఉంటుంది. చేరాక సబ్బు పెట్టె మీదా పని చేయాలి, బ్యాంకు యాప్ మీదా చేయాలి. మధ్యలో ఎప్పుడో ఒక పాట కవరో, ఒక సంగీతోత్సవమో చేతికొస్తుంది. అవి బాగా చేస్తే ఆ రకం పనులు మెల్లగా మనల్ని వెతుక్కుంటూ వస్తాయి. పాపకు ఈ సంగతి ఇప్పుడే చెప్పండి. మొదటి ఉద్యోగంలో బిస్కెట్ ప్యాకెట్ చేయమన్నారని ఏడవకుండా ఉంటుంది.

ఇక ఆ మూడు పోస్టర్లు. రంగులు ఎక్కువయ్యాయి, ఒకదాంట్లో అక్షరాలు వెనక బొమ్మలో కలిసిపోయాయి. ఈ వయసులో అందరూ చేసే తప్పులే, రెండేళ్లలో పోతాయి. నన్ను ఆపింది రెండో పోస్టర్. పాడేవారి పేరు పైన, కింద వయొలిన్, తర్వాత మృదంగం, ఆ తర్వాత ఘటం. పక్కవాద్యాల ముగ్గురివీ ఒకే సైజు అక్షరాలు. ఘటం వాయించే అబ్బాయి ఫొటో అన్నింటికంటే బాగుంది. అయినా దాన్ని పైకి లాగలేదు.

చాలా ఏళ్ల కిందట మా పేటలో కచేరీలు పెట్టే ఒక చిన్న సంగీత సభకు నేను వాలంటీరుగా ఉండేవాణ్ని. పోస్టర్ల పని ఒక డిజైన్ ఆఫీసుకిచ్చాం. వాళ్లు ఫొటో బాగుందని ఘటాన్ని పైకెక్కించి, మృదంగం పేరును కింద చిన్న అక్షరాల్లో వేశారు. మృదంగ విద్వాంసుడు ఫోన్లో ఏమీ అనలేదు, ‘సరే’ అన్నారంతే. ఆ ‘సరే’ విన్న కార్యదర్శి రాత్రికి రాత్రి పోస్టర్లన్నీ మళ్లీ అచ్చు వేయించారు. ఖర్చు సభ మీదే పడింది. ఆ డిజైనర్ తెలివితక్కువవాడేమీ కాదు. ఘటం, కంజిర, మోర్సింగ్ ఉపపక్కవాద్యాలనీ, వాటికి మృదంగం తర్వాతే చోటనీ అతనికి ఎవరూ చెప్పలేదు. మీ అమ్మాయికీ ఎవరూ చెప్పి ఉండరు. ఆ వరస తెలియడం తొమ్మిదేళ్లు వయొలిన్‌తో చాప మీద కూర్చోవడంతో వచ్చింది. మీ ఆయన అడిగిన ఏఐ ప్రశ్నకు నా జవాబు సగం ఇదే. మిగతా సగం ఆయనకే అనుకూలం: రెండు మూడు వందలకు చేసే పుట్టినరోజు పోస్టర్ల లాంటి పని నిజంగానే పోతోంది. దాన్ని నమ్ముకుని ఎవరూ ఈ దారిలోకి రాకూడదు.

పాట మొహం గీయడం అనే పని పుట్టి వందేళ్లు కూడా కాలేదు. 1940 దాకా అమెరికాలో గ్రామఫోన్ రికార్డులు ఎక్కువగా బొమ్మ లేని మామూలు అట్టల్లోనే అమ్ముడయ్యేవి. కొలంబియా కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే 23 ఏళ్ల కుర్రాడు అట్ట మీద బొమ్మ వేద్దామన్నాడు. అక్కణ్నుంచి ఎల్పీ రికార్డుకు పన్నెండు అంగుళాల అట్ట, క్యాసెట్‌కు అరచేయంత కాగితం, సీడీకి 12 సెంటీమీటర్ల చదరం. ఇప్పుడు పాటలను యాప్‌లకు చేర్చే సంస్థలు సాధారణంగా 3000 × 3000 పిక్సెళ్ల బొమ్మ అడుగుతాయి. వినేవాళ్లు దాన్ని ఫోన్లో తపాలా బిళ్లంత సైజులో చూస్తారు. పాప చేసిన పాట కవర్‌ను ఆ సైజుకు కుదించి, చేయి చాచి పట్టుకుని చూడమనండి. నేను చూశాను, పేరు చదవలేకపోయాను.

అక్షరాల గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఏమీ అనుకోకండి. డిసెంబరు కచేరీల సీజన్‌లో ఈ ఊరి సభల్లో పాడే కీర్తనల్లో ఎన్నో తెలుగువి. త్యాగరాజ కృతి వినని సాయంత్రం అరుదు. బయట గోడ మీద మాత్రం తమిళం, ఇంగ్లిషు తప్ప మన అక్షరం కనబడదు. ఎక్కడైనా వేసినా వత్తులు విడిపోయి, తలకట్టు ఒక చోట, దీర్ఘం ఇంకో చోట పడి ఉంటాయి. కారణం చాలాసార్లు సాఫ్ట్‌వేర్ సెట్టింగే. ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్లలో దక్షిణాసియా భాషల అమరిక ఆన్ చేయకపోతే తెలుగు విరిగిపోతుంది. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లలో టైపు చేసింది ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే యూనికోడ్‌లోకి తెస్తే చెత్తలా కనిపిస్తుంది. ఇవి తెలిసినవాళ్లు చెన్నై డిజైన్ ఆఫీసుల్లో ఎంతమందుంటారంటారు? ఒకప్పుడు ఇదే ఊళ్లో కూర్చుని ఈశ్వర్ గారు వందల తెలుగు సినిమాలకు పోస్టర్లు, టైటిల్ అక్షరాలు చేశారు. బాపు గారి చేతిరాత ఇవాళ ఫాంటుగా తిరుగుతోంది. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్లు అష్టదిగ్గజాల పేర్లూ మరికొన్ని పేర్లూ పెట్టి విడుదల చేయించిన ఫాంట్లు గూగుల్‌లో ఉచితం. పెద్దన, ధూర్జటి, రామభద్ర దించుకుని, ఒకే పల్లవిని మూడింట్లో రాసి చూడమనండి. ఏది విలంబంలో ఉంది, ఏది పరిగెడుతోంది అని అడగండి. వయొలిన్ పట్టిన పిల్ల కాబట్టి ఆ ప్రశ్న దానికి వింతగా అనిపించదు.

సంగీతం అసలు పనికొచ్చేది బొమ్మ కదలడం మొదలుపెట్టాకే. మోషన్ అన్నది ఇప్పుడు బ్రాండింగ్‌లో పెద్ద భాగం. లోగో తెర మీదికి ఎలా రావాలి, ఎప్పుడు ఆగాలి, ఏ శబ్దంతో కలవాలి అని లెక్కేసే పని అది. వీడియో సెకనుకు 24 ఫ్రేములు అనుకుందాం. నిమిషానికి 120 దెబ్బల వేగంలో తాళం వేస్తే ఒక్కో దెబ్బకు 12 ఫ్రేములు. ఆది తాళం ఒక ఆవర్తనం ఎనిమిది దెబ్బలు, అంటే 4 సెకన్లు, 96 ఫ్రేములు. స్పాటిఫైలో పాటతో పాటు తిరిగే చిన్న నిలువు వీడియో 3 నుంచి 8 సెకన్లు ఉండాలి. రెండు ఆవర్తనాలు సరిగ్గా సరిపోతాయి. అది ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి చివరి ఫ్రేము మొదటి ఫ్రేములోకి అతుకు కనబడకుండా కలవాలి. తాళం తిరిగి సమానికి, అంటే మొదటి దెబ్బకు, వచ్చిపడటం తెలియనివాళ్లు దీనికి నానా తంటాలు పడతారు. మీ అమ్మాయికి బొమ్మలను కదిలించే సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్ రాదు, నేర్చుకుంటే ఆరు నెలల్లో వస్తుంది. లయ ఆరు నెలల్లో రాదు.

శబ్దంతోనే కంపెనీని గుర్తుపట్టించే పని కూడా ఉంది. టైటాన్ గడియారాలకు మోజార్ట్ 25వ సింఫనీ, 2002లో ఎయిర్‌టెల్‌కు రహమాన్ కట్టిన ట్యూన్ మీకూ తెలుసు. మాస్టర్‌కార్డ్ 2019లో లోగోలోంచి తన పేరు తీసేసి, ఆ ఏడాదే తనకంటూ ఒక ధ్వనిని ప్రకటించింది. మన 2017 ట్రేడ్‌మార్క్ నిబంధనల ప్రకారం ధ్వనిని నమోదు చేయించుకోవాలంటే 30 సెకన్లు మించని ఎంపీ3తో పాటు దాని స్వరలిపినీ కాగితం మీద ఇవ్వాలి. ట్యూన్ కట్టేది సంగీత దర్శకులు. అది ఎక్కడ, ఎంత నిడివితో, ఏ కదలికతో వినబడాలో రాసిపెట్టడం డిజైన్ వైపు పని. ఇలాంటి పనిచేసే సంస్థలు తక్కువ. ఇది ఒక్కటే లక్ష్యంగా పెట్టుకోమని చెప్పను.

చదువు విషయంలో నా అభిప్రాయం స్పష్టం: డిగ్రీ డిజైన్‌లో చేయించండి, సంగీతాన్ని గురువు దగ్గరే ఉంచండి. ‘మ్యూజిక్ బ్రాండింగ్’ అని పేరు పెట్టి లక్షలు తీసుకునే సర్టిఫికెట్ కోర్సులకు అప్పు చేయకండి. ఉద్యోగం గ్యారంటీ అన్న మాట నమ్మి నేనే ఒక అబ్బాయిని ఒక ఇన్‌స్టిట్యూట్‌కు పంపాను. నాలుగు సాఫ్ట్‌వేర్లు నేర్పి ఇంటికి పంపారు. ఆ తండ్రి ఎదురుపడితే ఇప్పటికీ నాకు మొహం చెల్లదు.

చెన్నైలోనే ఉండాలంటే నా మొదటి ఓటు ఎగ్మూరు దగ్గరి గవర్నమెంట్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీకి. 1850లో మొదలైన స్కూలు అది. బి.ఎఫ్.ఎ. విజువల్ కమ్యూనికేషన్ డిజైన్ ఉంది, ప్రైవేటుతో పోలిస్తే ఫీజు నామమాత్రం, ప్రవేశ పరీక్షలో చేత్తో గీయాలి. లయోలా కాలేజీలో విజ్‌కామ్ (విజువల్ కమ్యూనికేషన్), తరమణిలోని ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో ఫ్యాషన్ కమ్యూనికేషన్ ఉన్నాయి. బయటికి పంపగలిగితే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) పరీక్ష రాయించండి. మన ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీలోనే కమ్యూనికేషన్ డిజైన్ ఉంది. యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీ హైదరాబాద్‌లో బి.డిజైన్‌కూ దారి ఉంటుంది. వీటికి కామర్స్ అడ్డు కాదు. ఎన్‌ఐడీ, నిఫ్ట్, యూసీడ్ దరఖాస్తులు సాధారణంగా ప్లస్ టూ పరీక్షలకు నెలల ముందే, కచేరీల హడావిడికి ముందో ఆ హడావిడిలోనో ముగిసిపోతాయి. సెప్టెంబరు నుంచే వాళ్ల వెబ్‌సైట్లు చూస్తూ ఉండండి.

బి.కాం. చెడ్డ చదువేం కాదు. ప్రవేశ పరీక్షలు ఏవీ కలిసిరాకపోతే ఉదయం బి.కాం. చదువుతూ, సాయంత్రాలు ఒక చిన్న స్టూడియోలో పని నేర్చుకోవచ్చు. సి.ఏ.ను మాత్రం దీంతో కలపకండి. సంగీతం, డిజైన్ రెండు పడవలని మీ ఆయన అంటున్నట్టున్నారు. అవి ఒకే పడవకు రెండు తెడ్లు. సి.ఏ. మాత్రం నిజంగా వేరే పడవ.

ఈ డిసెంబరులో పాప ఒక చిన్న సభ పని ఒక్కటి, మొదటి నుంచి చివరిదాకా చేయాలి: ఆహ్వానపత్రం, గోడ పోస్టర్, వాట్సాప్‌లో పంపే బొమ్మ, వేదిక వెనక బ్యానర్. అచ్చు వేసేచోటికి తనే వెళ్లి, తెర మీద మెరిసిన నారింజ రంగు కాగితం మీద ఎందుకు మాసిపోయిందో అక్కడివాళ్లను అడిగి తెలుసుకోవాలి. డబ్బు తీసుకోవాలి, ఐదువందలైనా సరే. టీచరు గారి కార్యక్రమానికి ఉచితంగా చేసింది గురుదక్షిణ కింద పోనివ్వండి. సభతో ఒక కాగితం రాసుకోండి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లకే అని అర్థం. ఆ సీనియర్ల బ్యాండు రేపు పెద్దదైతే లోగో ఎవరిదన్న గొడవ రాకుండా వాళ్లతోనూ ఇప్పుడే నాలుగు వాక్యాలు రాయించుకోమనండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ల్యాప్‌టాప్ ఇప్పుడు కొనకండి. ఉన్నదాంట్లో ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా నడుస్తుంది, ప్రవేశ పరీక్షలకు కావలసింది పెన్సిలూ స్కెచ్‌బుక్కూ. సీటు వచ్చాక, కాలేజీవాళ్లు ఏది కావాలంటారో చూసి కొనండి. పరీక్షల పేరు చెప్పి వయొలిన్ క్లాసు మాన్పించకండి, వారానికి ఒక్కటైనా సాగనివ్వండి. పొంగల్ తర్వాత ఆ సభ పోస్టర్ల ప్రింట్లు పట్టుకుని ముగ్గురూ నా దగ్గరికి రండి. మీ ఆయనను తప్పకుండా తీసుకురండి, ఖర్చుల లెక్క ఆయనతోనే మాట్లాడాలి.