పోరంకిలో కొత్త బిల్డర్ దగ్గర ఫ్లాట్: 30 శాతం కట్టేముందు ఏమేం చూడాలి?

మీరు రాసినదాన్ని బట్టి విజయవాడ దగ్గర పోరంకిలో స్టిల్ట్ (కింద పార్కింగ్) ప్లస్ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. ఇంకా పునాది గుంతలు కూడా తియ్యలేదు. బిల్డర్ మీకు కొత్త, ప్రీలాంచ్ రేటు కావాలంటే ఈ నెలలోనే 30 శాతం కట్టమంటున్నాడు. ఆయన పద్ధతి ఎలాంటిదో ఆ చివరి మాటలోనే చాలావరకు తెలిసిపోతోంది. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన స్థలంలో 8 ఫ్లాట్లకు మించి కడుతుంటే, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ రాకముందు ఒక్క ఫ్లాట్ కూడా బుక్ చేసుకోకూడదు, ప్రకటన కూడా వెయ్యకూడదు. రిజిస్ట్రేషన్ వచ్చాక కూడా సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చెయ్యకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. 2016 రెరా చట్టం 13వ సెక్షన్ చెప్పేది అదే. "ఫైలు లోపలే ఉందండీ, నేడో రేపో నంబర్ వచ్చేస్తుంది" అంటే, వచ్చాకే మాట్లాడదామని చెప్పండి. ఈలోగా రేటు కాస్త పెరిగినా మీకు నష్టం లేదు.

నంబర్ ఇచ్చాక ఏపీ రెరా వెబ్‌సైట్లో కొట్టి చూడండి. చాలామంది నంబర్ కనిపించగానే ఆగిపోతారు. అసలు సంగతి లోపలి పేజీల్లో ఉంటుంది. గత ఐదేళ్లలో మొదలుపెట్టిన ప్రాజెక్టులేవి, ఏవి పూర్తయ్యాయి, ఏవి ఆలస్యమయ్యాయి, నడుస్తున్న కేసులేంటి అన్నది ప్రమోటర్, అంటే బిల్డర్ రాసివ్వాలి. బ్రోచర్లో పది ప్రాజెక్టులుండి అక్కడ రెండే కనిపిస్తే, మిగతావి ఎప్పుడు, ఎవరి పేరున కట్టారో అడగండి. మన దగ్గర ఒక్కో అపార్ట్‌మెంట్‌కి ఒక్కో పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ పెట్టడం మామూలే, దాన్ని తప్పు పట్టక్కర్లేదు. కాకపోతే ఫర్మ్ మారితే పాత కేసులు కొత్త పేరు కింద దొరకవు. అందుకని కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైట్లో వెతికేటప్పుడు ఫర్మ్ పేరుతోపాటు ప్రతి పార్ట్‌నర్ పేరూ కొట్టాలి. కేసు కనిపించగానే కంగారు పడకండి, వేసింది ఎవరో చూడండి. పక్క స్థలంవాళ్లతో గట్టు తగాదా వేరు, ఫ్లాట్ కొన్నవాళ్లే కోర్టుకెక్కడం వేరు.

స్థలం సంగతికొస్తే, ఇక్కడ చాలామంది బిల్డర్లు స్థలం కొనరు, ఓనర్లతో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ (కట్టి, తన వాటా ఫ్లాట్లు అమ్ముకునే అధికారం ఇచ్చే పత్రం) రాయించుకుంటారు. ఆ కాపీ అడగండి. పిత్రార్జితమైతే అందులో కొడుకులవే కాదు, ఆడపిల్లల సంతకాలూ ఉండాలి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత వాళ్లదీ సమాన వాటా. ఇంకో కాగితం కూడా ఉంటుంది, ఏ ఫ్లాట్ ఎవరి వాటాకు వచ్చిందో పంచుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంట్. మీకు చూపించిన ఫ్లాట్ ఓనర్ వాటాలోదైతే బిల్డర్ అమ్మలేడు. ఈసీ (స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే పత్రం) కనీసం 30 ఏళ్లకు తీయించండి, సర్వే నంబర్ రిజిస్ట్రేషన్ చెయ్యకూడని 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. ఈసీలో మున్సిపల్ కమిషనర్ పేరున తనఖా కనిపిస్తే అది బ్యాంకు అప్పు కాదు. ప్లాన్ దాటి కట్టకుండా కొన్ని ఫ్లాట్లను హామీగా పెట్టించుకున్నారన్నమాట. మీ ఫ్లాట్ వాటిలో లేకుండా చూసుకోండి.

కాగితాలన్నీ బాగున్నా, బిల్డర్ సంగతి బయటపడేది ఆయన పాత అపార్ట్‌మెంట్లోనే. ఈమధ్య అప్పగించింది కాదు, నాలుగైదేళ్లు వానలకు తడిసినదానికి వెళ్లండి. పై అంతస్తులో ఒకరిని అడిగి బాత్‌రూమ్ సీలింగ్ చూడండి. పైపు దిగేచోట గోధుమరంగు మరక, పక్కనే పెచ్చులూడిన ప్లాస్టరింగ్ ఉంటే వాటర్‌ప్రూఫింగ్ సరిగా చెయ్యలేదు. స్టిల్ట్‌లో స్తంభాల అడుగున చెమ్మకు తెల్లటి ఉప్పు తేలిందేమో చూడండి. టెర్రస్ మీదకు వెళ్లి అంతస్తులు లెక్కపెట్టండి. ప్లాన్‌లో ఐదే ఉండి పైన పెంట్‌హౌస్ లేచి ఉంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారు, ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చేది) వచ్చి ఉండదు. రేపు మీ బిల్డింగ్‌కీ అదే చేస్తాడు, ఆ సర్టిఫికెట్ లేకపోతే వచ్చే ఇబ్బందులు ఫ్లాట్ కొన్న అందరికీ చుట్టుకుంటాయి. తర్వాత అసోసియేషన్ ప్రెసిడెంట్‌ని కలిసి మూడే ప్రశ్నలు అడగండి: కార్పస్ ఫండ్ (బిల్డింగ్ నిర్వహణకు ఫ్లాట్ల వాళ్ల దగ్గర వసూలు చేసిన నిధి) మొత్తం అప్పగించాడా, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కాపీ ఇచ్చాడా, లీకేజీ చెబితే ఎన్నాళ్లకు మనిషిని పంపాడు? నిర్మాణ లోపం బయటపడితే ఐదేళ్లదాకా ఉచితంగా సరిచేసే బాధ్యత చట్టప్రకారం ఆయనదే. సొంత ఖర్చుతో చేసినవాడు, ఫోన్ ఎత్తనివాడు ఎవరో అక్కడే తేలిపోతుంది.

ప్రస్తుతం ఆయనకు పని నడుస్తున్న సైటు ఇంకోటి ఉంటే ఉదయం పదింటికి వెళ్లండి. స్లాబు మీద నిలబెట్టిన స్తంభాల ఊచలు ఎర్రగా తుప్పుపట్టి పొరలు రాలుతుంటే పని నెలల తరబడి ఆగినట్టే. మేస్త్రీనీ సెంట్రింగ్ వాళ్లనీ పలకరించండి. బిల్డర్‌కి డబ్బు కటకట వస్తే ముందు ఆగేది వాళ్ల బిల్లులే, కొన్నవాళ్లకు ఆ సంగతి తెలిసేది చాలా తర్వాత. సిమెంటు కొట్లో అరువు బాకీల సంగతి అడిగినా చెబుతారు. బ్యాంకు లోన్ ఇస్తోంది కదా అని ధీమా పడకండి. బ్యాంకు చూసేది తన అప్పు భద్రమా కాదా అని, స్లాబు నాణ్యత కాదు.

అన్నీ సరిపోయాక కట్టాల్సిన డబ్బు చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో రెరాలో చూపిన ప్రాజెక్టు ఖాతాకే వెయ్యండి. కొన్నవాళ్ల సొమ్ములో 70 శాతం ఆ ఖాతాలోనే ఉండాలి. ఇంజనీరు, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించాక, పని జరిగినంత మేరకే తీసుకోవాలి. పార్ట్‌నర్ సొంత ఖాతాకు వెయ్యమన్నా, కొంత నగదుగా ఇవ్వమన్నా ఒప్పుకోకండి. ప్రాజెక్టు ఆగి, రెరా చట్టం 18వ సెక్షన్ కింద వడ్డీతో వాపసు కోరాల్సి వస్తే, కాగితం మీద కనిపించే మొత్తానికే లెక్క కడతారు.