ఇంగ్లండ్‌లో కరోనర్ విచారణ: మా అన్నయ్య కేసులో చూసింది

మీ బాబాయి ఇంగ్లండ్‌లో ఆసుపత్రిలో పోయారు, కేసు కరోనర్ (మరణం ఎలా జరిగిందో తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లింది, తప్పు చేసినవాళ్లకు శిక్ష పడుతుందా అని అడిగారు. పడదండీ. మేమూ ఇన్‌క్వెస్ట్ (కరోనర్ జరిపే విచారణ) అంటే కోర్టు కేసే అనుకుని, మొదటి రోజే నీరుగారిపోయాం.

చనిపోయింది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా? అక్కడి 2009 చట్టం ప్రకారం కరోనర్ తేల్చేవి ఈ నాలుగే. ఫలానావాడిది నేరమని గానీ, పరిహారం కట్టాలని గానీ చెప్పకూడదు. కానీ ఆ 'ఎలా' దగ్గరే మనకు పట్టు దొరుకుతుంది.

అన్నయ్య ఆపరేషన్ అయిన మూడో రాత్రి పోయాడు. దగ్గరి బంధువులకు కాగితాలు అడిగే హక్కు, సాక్షులను ప్రశ్నించే హక్కు ఉన్నాయి. కరోనర్ ఆఫీసర్‌కు మెయిల్ పెడితే నర్సింగ్ చార్టు కాపీ పంపారు. అందులో బీపీ, పల్స్ రాసే గళ్లు రాత్రి రెండు నుంచి ఐదున్నర దాకా ఖాళీ. విచారణలో వదిన ఆ కాగితం పట్టుకుని లేచి, "ఈ మూడున్నర గంటల్లో ఆయన దగ్గరికి ఎవరైనా వెళ్లారా?" అని ఒక్కటే అడిగింది. డ్యూటీ నర్సు చాలాసేపు తల దించుకుని, "గుర్తులేదు" అంది. ఆసుపత్రి తరఫున బారిస్టర్ ఉన్నాడు. మాకు లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేదు. చట్టం మార్చాలంటే ముందు మార్చాల్సింది ఇదే, నన్నడిగితే.

ఇలాంటి చావు మళ్లీ జరగకుండా ఏం చేస్తారో చెప్పమని కరోనర్ ఆసుపత్రికి రిపోర్టు పంపారు. 56 రోజుల్లో జవాబివ్వాలి. ఇచ్చారు కూడా.

సంస్కరణల సంగతంటారా, నత్తనడకే. రోగులను చంపి సర్టిఫికెట్లు తనే రాసుకున్న డాక్టర్ షిప్‌మన్‌కు 2000లో శిక్ష పడింది. కరోనర్ దాకా రాని ప్రతి మరణాన్నీ వేరే డాక్టర్ పరిశీలించాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2024 సెప్టెంబర్ 9న! చీఫ్ కరోనర్‌కు అప్పీలు చేసుకునే సెక్షన్ 40 మరీ ఘోరం: 2009 చట్టంలో పెట్టారు, అమలు చేయకుండానే తీసేశారు. కాబట్టి కరోనర్ తేల్చింది నచ్చకపోతే హైకోర్టు గడప ఎక్కాల్సిందే.

వీలైతే ఆరు నెలల్లో ముగించాలని రూలుంది, మాకు పద్నాలుగు పట్టాయి. ఈలోగా బ్యాంకు పనులకు కరోనర్ ఇచ్చే తాత్కాలిక సర్టిఫికెట్ వాడుకున్నాం. అంత్యక్రియలకు ఇన్‌క్వెస్ట్ ముగిసేదాకా ఆగక్కర్లేదు. శరీరాన్ని దేశం దాటించాలంటే మాత్రం ముందుగా కరోనర్‌కు నోటీసివ్వాలి. మీ ప్రశ్నలు మాత్రం ఇప్పుడే రాసి పంపండి, విచారణకు ఏ సాక్షులను పిలవాలో కరోనర్ ముందే తేల్చేస్తారు.