ఫెడరల్ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌ను ఎత్తేస్తే బాబు ఐఈపీ, పాప ఈఎస్ఎల్ ఏమవుతాయి?

మీరు అడిగింది ఇదీ: టెక్సస్‌లో ఉంటున్నారు. మూడో గ్రేడ్ బాబుకు స్పీచ్ థెరపీ కోసం ఐఈపీ (ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లాడికి బడి రాసిచ్చే సొంత ప్రణాళిక) ఉంది, కిండర్‌లో చేరిన పాపను ఈఎస్ఎల్‌లో (ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే ప్రోగ్రామ్) వేశారు. వాషింగ్టన్‌లో డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌ను మూసేస్తే ఇవి పోతాయా? అసలు బళ్లతో ఫెడరల్ ప్రభుత్వానికి పనేంటి?

చిన్న జవాబు: పోవు. హక్కు ఎక్కడికీ పోదు. అది దక్కనప్పుడు వెళ్లి తట్టే తలుపులు మాత్రం తగ్గుతాయి. మీరు చూసుకోవాల్సింది ఆ రెండో సంగతి.

మనకు ఇండియా అలవాటు. 1976లో 42వ సవరణతో చదువు ఉమ్మడి జాబితాలోకి వచ్చింది, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉన్నాయి, సీబీఎస్ఈ ఉంది. అందుకే ఇక్కడ కూడా ఢిల్లీ లాంటిది ఒకటి పైన కూర్చుని సిలబస్ పంపుతుందనుకుంటాం. అలాంటిదేమీ లేదండి. అమెరికా రాజ్యాంగంలో విద్య అన్న మాటే ఉండదు. పదో సవరణ ప్రకారం రాసిపెట్టని అధికారాలు రాష్ట్రాలవి. 1973లో శాన్ ఆంటోనియో ఐఎస్‌డీ (స్థానిక బళ్లను నడిపే స్కూల్ జిల్లా) వర్సెస్ రోడ్రిగెజ్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో ఇంకో మాట కూడా తేల్చింది: విద్య ఫెడరల్ రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదు. మీ పిల్లల సిలబస్ టెక్స్ అనే రాష్ట్ర ప్రమాణాలది, దాన్ని ఖరారు చేసేది ఎన్నికైన 15 మంది సభ్యుల స్టేట్ బోర్డ్. టీచర్‌ను తీసుకునేది మీ ఐఎస్‌డీ. 1979లో కార్టర్ సంతకంతో డిపార్ట్‌మెంట్‌ను పుట్టించిన చట్టమే సిలబస్, పాఠ్యపుస్తకాల జోలికి వెళ్లొద్దని దాని చేతులు కట్టేసింది. కాబట్టి "మూసేస్తే మన బడిలో పాఠాలు మారతాయి" అని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటను పక్కన పెట్టండి, అది ఏ వైపు వాళ్లు పంపినా సరే.

మరి ఫెడరల్ చేసేది ఏంటి? షరతులతో డబ్బు ఇవ్వడం, వివక్ష జరగకుండా కాపలా కాయడం. ఈ రెంటిలో ముఖ్యమైనవి డిపార్ట్‌మెంట్ కంటే ముందే పుట్టాయి. వివక్ష నిషేధించే టైటిల్ 6 1964ది, పేద పిల్లల బళ్లకు డబ్బిచ్చే టైటిల్ 1 1965ది, వైకల్యం ఉన్నవాళ్లపై వివక్షను ఆపే 504 సెక్షన్ 1973ది, మీ బాబు ఐఈపీకి మూలమైన, ఇప్పుడు ఐడీఈఏ అంటున్న స్పెషల్ ఎడ్యుకేషన్ చట్టం 1975లో ఫోర్డ్ సంతకం చేసింది. ఇల్లు మారితే అప్పు పత్రం రద్దు కానట్టే, ఆఫీసు మూసేస్తే చట్టం రద్దు కాదు. మధ్యాహ్న భోజనం వ్యవసాయ శాఖది, పేద చిన్నపిల్లల ప్రీస్కూల్ పథకం హెడ్ స్టార్ట్ ఆరోగ్య శాఖది. అవి ఈ డిపార్ట్‌మెంట్‌లో ఎప్పుడూ లేవు.

డబ్బు సంగతి. దేశం మొత్తం మీద బడి ఖర్చులో ఫెడరల్ వాటా మామూలు ఏడాదిలో నూటికి పదికి అటూ ఇటూ, మిగతాదంతా రాష్ట్రం, ప్రాపర్టీ ట్యాక్స్. పైగా ఆ పది సమానంగా పడదు. టైటిల్ 1 కింద ఏటా సుమారు 1,800 కోట్ల డాలర్లు పేదరికం లెక్కన పంచుతారు కాబట్టి, మనవాళ్లు ఎక్కువగా ఇళ్లు కొనే సబర్బ్‌లకు దక్కేది తక్కువ. ఐడీఈఏ కథ ఇంకోటి. 1975లో సగటు విద్యార్థి ఖర్చులో 40 శాతం దాకా ఇస్తామన్నారు, ఇస్తున్నది 15 శాతం లోపే. ఏటా సుమారు 1,400 కోట్ల డాలర్లు. రూలు మొత్తం ఫెడరల్‌ది, బిల్లులో పెద్ద ముక్క మీ ఐఎస్‌డీది. ఆర్డ్ మీటింగ్‌లో (ఐఈపీ రాయడానికి బడివాళ్లూ తల్లిదండ్రులూ కూర్చునే సమావేశం) బడివాళ్లు థెరపీ నిమిషాల దగ్గర బేరమాడటానికి ఒక కారణం ఇదే.

ఇక వాదన. "రాష్ట్రాలకే వదిలేయండి" అనేవాళ్ల చేతిలో గట్టి ఉదాహరణ 2002 నాటి ఫెడరల్ చట్టం నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్. 3 నుంచి 8వ గ్రేడ్ దాకా ఏటా రీడింగ్, మ్యాథ్ పరీక్ష పెట్టాలి, 2014 కల్లా నూటికి నూరు మంది ప్రొఫిషియెంట్ (ఆ గ్రేడ్‌కు తగిన స్థాయి) కావాలి అన్నారు. ప్రొఫిషియెంట్ అంటే ఎన్ని మార్కులో మాత్రం రాష్ట్రం ఇష్టం. గీత గీసేవాడూ దాటేవాడూ ఒకడే అయినప్పుడు గీత కిందికి దిగుతుంది. కొన్ని రాష్ట్రాల్లో అదే అయింది. చివరికి 2012 నుంచి మినహాయింపుల మీద మినహాయింపులు ఇచ్చి, 2015లో దాని స్థానంలో వచ్చిన ఎస్సా చట్టంతో పరీక్ష మాత్రం ఉంచి, ఫలితం చూసి ఏం చేయాలన్నది రాష్ట్రాలకు అప్పగించారు. టెక్సస్ బళ్లలో ఏటా పెట్టే స్టార్ పరీక్ష రాష్ట్రానిది, పరీక్ష అంటూ ఒకటి పెట్టి తీరాలన్న నియమం ఫెడరల్‌ది. మీ బాబు రాసేది ఈ రెంటి మధ్య పుట్టిన బిడ్డ.

రెండో పక్షం చేతిలో ఉన్న ఉదాహరణ మీ రాష్ట్రానిదే. 2004లో రాష్ట్ర విద్యా శాఖ అయిన టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ (టీఈఏ) తన తనిఖీ పట్టికలో ఒక అంకె పెట్టింది: జిల్లాలో స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు 8.5 శాతం మించితే అదనపు తనిఖీ. పరిమితి అని ఎక్కడా రాయలేదు, రాయాల్సిన పని కూడా పడలేదు. అప్పట్లో 11.6 శాతం ఉన్న ఆ పిల్లల వాటా 2016 నాటికి 8.6కు జారింది. దేశ సగటు చూస్తే 13 దగ్గర ఉంది. "ముందు ఇంటర్వెన్షన్ (క్లాసులోనే అదనపు సాయం) చేసి చూద్దాం", "ఇది ఇంగ్లిష్ రాకపోవడం వల్లే" అంటూ పరీక్షించకుండా ఏళ్లు గడిపేశారు. 2016లో ఓ పత్రిక బయటపెట్టింది, 2017లో రాష్ట్ర శాసనసభ అలాంటి పరిమితులను నిషేధించింది, 2018 జనవరిలో ఫెడరల్ డిపార్ట్‌మెంట్ విచారణ ముగించి టెక్సస్ ఐడీఈఏను ఉల్లంఘించిందని తేల్చింది. కంచే చేను మేస్తే చెప్పుకోవడానికి కంచె అవతల ఎవరో ఒకరు ఉండాలి కదా. నా లెక్కలో ప్రమాణాలు, పరీక్షల విషయంలో రాష్ట్రవాదుల మాటే సరి. పౌరహక్కుల కాపలా విషయంలో మాత్రం వాళ్ల దగ్గర ఈ 8.5కు జవాబు లేదు.

2025లో ఏం జరిగిందంటే, మార్చిలో డిపార్ట్‌మెంట్ సిబ్బందిని ఇంచుమించు సగానికి తగ్గించారు, ఆ నెల 20న మూసివేతకు దారి వేయమని అధ్యక్షుడు ఆదేశం ఇచ్చారు. పూర్తిగా మూయాలంటే కాంగ్రెస్ చట్టం కావాలి, సెనేట్‌లో ఫిలిబస్టర్ (చర్చను సాగదీసి బిల్లును ఆపే పద్ధతి) దాటాలంటే 60 ఓట్లు. సిబ్బంది కోతకు జులైలో సుప్రీంకోర్టు తాత్కాలికంగా దారి ఇచ్చింది. జులై 1న రాష్ట్రాలకు అందాల్సిన సుమారు 680 కోట్ల డాలర్లను ఆపి, నెలాఖరుకు వదిలారు. అందులో ఈఎస్ఎల్‌కు వెళ్లే టైటిల్ 3 కూడా ఉంది. నవంబరులో టైటిల్ 1 లాంటి పనులను కార్మిక శాఖకు అప్పగించే ఒప్పందాలు ప్రకటించారు, ఆ విడతలో ఐడీఈఏ లేదు. మీకు నేరుగా తగిలేది ఇది: పౌరహక్కుల ఆఫీసు ఓసీఆర్‌కు ఉన్న 12 ప్రాంతీయ కార్యాలయాల్లో ఏడింటిని మూశారు, వాటిలో డాలస్ ఒకటి.

కాబట్టి ఇకపై మీ ఆయుధం కాగితం. బాబు ఐఈపీలో సేవల పేజీ తీయండి. "స్పీచ్, 30 నిమిషాలు, వారానికి ఒకసారి" అని ఉందా, "తొమ్మిది వారాల్లో 8 సార్లు" అని ఉందా? రెండో రాతలో సెలవులు, పరీక్షల వారాలు పోగా చివర్లో ఒకే వారం మూడు సార్లు కూర్చోబెట్టి లెక్క సరిచేసే వీలుంటుంది. వారానికి ఇన్ని అని రాయమనండి. థెరపిస్ట్ సెలవులో ఉన్నారనో, పోస్టు ఖాళీ అనో క్లాసులు పోతుంటే సర్వీస్ లాగ్ (ఏ రోజు ఎంతసేపు థెరపీ ఇచ్చారో రాసే పట్టిక) కావాలని ఈమెయిల్ పెట్టండి. విద్యార్థి రికార్డుల చట్టం ఫెర్పా ప్రకారం రికార్డులు 45 రోజుల్లోపు చూపాలి. పోయినవాటికి కాంపెన్సేటరీ సర్వీసులు అడగండి. ఫోన్‌లో మాట్లాడినదాన్ని ఆ సాయంత్రమే "ఇవాళ మీరు ఇలా అన్నారు" అని మెయిల్‌గా పంపండి. ఆర్డ్‌లో ఒప్పుకోకపోతే సంతకం దగ్గర అసమ్మతి అని గుర్తు పెట్టండి, పది స్కూల్ రోజుల్లోపు మళ్లీ కూర్చునే అవకాశం ఇవ్వాలి. సేవ తగ్గించాలన్నా తీసేయాలన్నా ఐదు స్కూల్ రోజుల ముందు కారణాలతో రాతపూర్వక నోటీసు, ప్రయర్ రిటెన్ నోటీస్, వాళ్లే ఇవ్వాలి.

ముందుముందు పాపకు కూడా స్పెషల్ ఎడ్ సాయం కావాలా అని తేల్చే పరీక్ష అవసరమనిపిస్తే, నోటితో అడిగితే గడియారం మొదలవదు. తేదీ వేసి, "ఫుల్ అండ్ ఇండివిడ్యువల్ ఇనిషియల్ ఇవాల్యుయేషన్ కోరుతున్నాం" అన్న మాటతోనే ప్రిన్సిపాల్‌కో స్పెషల్ ఎడ్ డైరెక్టర్‌కో మెయిల్ చేయండి. టెక్సస్‌లో 15 స్కూల్ రోజుల్లో జవాబు, మీరు సమ్మతి ఇచ్చాక 45 స్కూల్ రోజుల్లో రిపోర్టు, ఆపై 30 రోజుల్లో ఆర్డ్. ఇంటర్వెన్షన్ నడుస్తోందన్న సాకుతో పరీక్షను వాయిదా వేయకూడదు. ఇంగ్లిష్ రాకపోవడం ఒక్కటే కారణమైతే పిల్లను స్పెషల్ ఎడ్‌లో వేయకూడదు, దాన్నే సాకుగా చూపి పరీక్ష ఎగ్గొట్టనూ కూడదు. వీ, డబ్ల్యూ రెంటినీ "వ" అని పలకడం లోపం కాదు, మన యాస. అమ్మమ్మతో వీడియో కాల్‌లో తెలుగులో చెప్పినా ఆవిడకు సగం అర్థం కావట్లేదంటే మాత్రం అది ఆలోచించాల్సిందే, ఎందుకంటే నిజమైన స్పీచ్ సమస్య రెండు భాషల్లోనూ కనబడుతుంది. ఈ సంగతి మెయిల్‌లో రాయండి, పరీక్ష తెలుగులో కూడా జరగాలని, అవసరమైతే దుబాసీని పెట్టమని అడగండి.

ఈఎస్ఎల్ విషయానికొస్తే, చేర్పించేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వేలో "తెలుగు" అని రాయడంతోనే స్క్రీనింగ్ జరుగుతుంది. ఈ బాధ్యత టైటిల్ 3 డబ్బు మీద ఆధారపడింది కాదు. ఇంగ్లిష్ రాని పిల్లలకు బడి సాయం చేయాలన్న 1974 లావ్ వర్సెస్ నికల్స్ సుప్రీంకోర్టు తీర్పు, అదే ఏడాది వచ్చిన చట్టం వల్ల వచ్చింది. 2015 నాటి ఫెడరల్ మార్గదర్శకాన్ని 2025లో వెనక్కు తీసుకున్నా ఆ రెండూ అలాగే ఉన్నాయి. పైగా టెక్సస్ చట్టం ఫెడరల్ కంటే ఓ అడుగు ముందుంది: జిల్లాలో ఒకే గ్రేడ్‌లో ఒకే భాష పిల్లలు 20 మంది, ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్నవాళ్ల జాబితాలో ఉంటే ద్విభాషా బోధన ఇవ్వాలి. తెలుగు టీచర్లు దొరకరు కనుక జిల్లాలు మినహాయింపు అడుగుతాయి, అది వేరే సంగతి. పాపను ప్రోగ్రామ్ వద్దనుకుంటే మీరు రాసివ్వొచ్చు. కానీ వద్దన్నా పాప ఆ జాబితాలోనే ఉంటుంది, అందులోంచి బయటపడేదాకా ఏటా టెల్పాస్ అనే ఇంగ్లిష్ స్థాయి పరీక్ష రాయాలి. ఈ ఒక్కటి తెలియక మార్చిలో బడికి ఫోన్ చేసి గొడవపడేవాళ్లు చాలామంది.

బడి వినకపోతే ఎక్కడికి? ఐడీఈఏ సంగతైతే ముందు రాష్ట్రానికే, టీఈఏకు స్టేట్ కంప్లయింట్. జరిగిన ఏడాదిలోపు, సంతకంతో, వాస్తవాలూ మీరు కోరే పరిష్కారమూ రాసి, ఒక కాపీ జిల్లాకు పంపాలి. 60 రోజుల్లో తేల్చాలి, లాయర్ అక్కర్లేదు. డ్యూ ప్రాసెస్‌కు (విచారణాధికారి ముందు వాదించే పద్ధతి) గడువు రెండేళ్లు. మీడియేషన్ (మధ్యవర్తితో రాజీ) ఉచితం. వివక్ష అయితే ఓసీఆర్‌కు 180 రోజుల్లోపు వేయాలి. ఇప్పుడు ఆలస్యం తప్పదు, అయినా గడువు దాటనివ్వకండి, తేదీ నమోదై ఉంటుంది. జిల్లా మీద ఫిర్యాదుకు రాష్ట్రం పనికొస్తుంది. 8.5 లాంటి చోట, తప్పు రాష్ట్రానిదే అయినప్పుడు, మిగిలేది ఫెడరల్ డిపార్ట్‌మెంట్, లేదా కోర్టు. కోర్టుకు డబ్బూ ఏళ్లూ కావాలి.

వీసా గురించి అడగలేదు కానీ చాలామంది మనసులో ఉండేది కాబట్టి చెబుతున్నా. ఐఈపీ ఉంటే గ్రీన్‌కార్డుకు అడ్డు వస్తుందని కొందరు పరీక్షే చేయించరు. 2019లో పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారనుకుంటే గ్రీన్‌కార్డు నిరాకరించే) నిబంధనను బిగించినప్పుడు కూడా ఐడీఈఏ కింద బడిలో అందే సేవలను లెక్కలోకి తీసుకోలేదు. వీసా కాగితాలు చూపలేదని బడి పిల్లలను వెనక్కు పంపడానికీ లేదు. 1982లో ప్లయ్లర్ వర్సెస్ డో తీర్పు వచ్చింది కూడా టెక్సస్ కేసులోనే.

ప్రాజెక్టు మారి ఇంకో రాష్ట్రం వెళ్లాల్సి వస్తే, కొత్త జిల్లా తన పరీక్షలు పూర్తి చేసి కొత్త ఐఈపీ రాసేదాకా పాతదానికి సమానమైన సేవలు ఇవ్వాలి. ఇక్కడ పని చెడేది ఒకే చోట: పాత బడి నుంచి రికార్డులు రావాలంటూ వారాలు గడిపేస్తారు. చివరి ఐఈపీ పూర్తి కాపీ, చివరి ఇవాల్యుయేషన్ రిపోర్టు, గత ఏడాది ప్రోగ్రెస్ రిపోర్టులు, మూడూ పీడీఎఫ్‌లుగా మీ దగ్గరే ఉంచుకుని, చేర్పించే రోజు కౌంటర్‌లోనే మెయిల్ చేయండి.