ఉత్తగ మాట్లాడుడుతోని తగ్గుతదా అంటే, నాకైతే తగ్గింది

అక్కా, మీ తమ్ముడు యాక్సిడెంట్ అయిన కాడికెల్లి నిద్రపోతలేడు, బండి ముట్టుకుంటలేడు, కౌన్సిలింగ్‌కు తీస్కపోతే ఉత్తగ మాట్లాడిచ్చి పంపుతరు, దాంతోని ఏమైతది అని అడిగిన్రు కదా. నా మీద పడ్డది కాబట్టి చెప్తున్న.

మాది నల్లగొండ. 2021ల చిట్యాల కాడ హైవే మీద రాత్రిపూట ఆగి ఉన్న లారీకి నా బండి గుద్దింది, ఎనుక కూసున్న మా బామ్మర్ది అక్కడికక్కడే పోయిండు. నా చెయ్యి విరిగితే కట్టు కట్టిన్రు, రెండు నెలలకు అతికింది, కానీ లారీ హారన్ ఇంటే చాలు ఒళ్లంత చెమటలు. జడుసుకున్నడని అమ్మ తాయత్తు కట్టిచ్చింది, జాన్‌పహాడ్ దర్గాకు గూడ తీస్కపోయింది, ఆమె గోస ఆమెది. ఒక డాక్టర్ నిద్రగోలీలు రాసిండు గానీ ఏమైంది బిడ్డా అని ఒక్క మాట అడగలే.

తర్వాత హైదరాబాద్‌ల సైకాలజిస్టు మేడం దగ్గరికి పోయిన. బస్సెక్కితే చిట్యాల కాడ ఆ హైవే మీదికెల్లే పోవాలె అని రైలుకు పోయేటోన్ని. మొదలు ఆమె యాక్సిడెంట్ జోలికే పోలే, దడ వచ్చినప్పుడు కాళ్లు నేలకు గట్టిగ ఆనిచ్చి కనపడే ఐదు వస్తువుల పేర్లు చెప్పుడు నేర్పింది. ఆ తర్వాత కండ్లు మూసుకొని ఆ రాత్రిని ఇప్పుడే అయితున్నట్టు చెప్పమంది, అది ఫోన్ల రికార్డు చేసి ఇంట్ల రోజు ఇనమంది. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అంటరు దీన్ని. మనం తప్పించుకొని తిరిగినన్ని రోజులు మెదడు ఆ ఆపద ఇంకా నెత్తి మీదనే ఉన్నదనుకుంటది, చెప్పంగ చెప్పంగ అది అయిపోయిన ముచ్చట అని దానికి ఎక్కుతది. మొదట్ల బాధ ఇంకింత ఎక్కువైంది అక్కా, రెండుసార్లు మానేద్దామనుకున్న.

ఐదోసారో ఆరోసారో చెప్తుంటే కుడికాలు చెప్పు యాదికొచ్చింది. లారీకి లైట్లు లెవ్వు, నేను బ్రేక్ తొక్కిన, తొక్కిన జోరుకు పట్టీ తెగింది. అన్ని రోజులు నేను బ్రేకే ఎయ్యలే, నేనే సంపిన అనుకుంట బతికిన. ఇంటికొచ్చి దవాఖాన సంచి ఇప్పి చూసిన, చెప్పు అండ్లనే ఉంది, పట్టీ తెగే ఉంది. ఆ రాత్రి మా ఆమెతోని వాళ్ల తమ్ముని గురించి మొదటిసారి నోరు తెరిచి మాట్లాడిన.

ఇంక బస్సు. ఒకరోజు ఉత్తగ బస్టాండ్ల కూసునుడు, ఇంకోరోజు నార్కట్‌పల్లి దాక పోయి మళ్లి వచ్చుడు, ఆఖరికి చిట్యాల దాటిన, కిటికీ పక్కనే కూసోని.

ట్రామా అంటే ఇసొంటి ఆపదతోని మనసుకు తగిలిన దెబ్బ. దాని మీద చేసే సీబీటీని (ఆలోచనలు, అలవాట్లు మెల్లగ మార్చే మాటల వైద్యం, నాకు చేసింది గూడ అండ్ల ఒక రకమే), కండ్లు అటిటు తిప్పిచ్చే ఈఎండీఆర్ అనే వైద్యాన్ని 2013ల ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) గూడ సిఫారసు చేసింది, కాబట్టి పోయేముందు ట్రామా కేసులు చూస్తరా అని అడుగున్రి. పైసలు లేకుంటే మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ లైన్ టెలీమానస్, 14416కు చెయ్యున్రి, ఫ్రీ, రాత్రి పగలు ఎత్తుతరు, తెలుగుల మాట్లాడుతరు. సచ్చిపోతా అనే మాట వాని నోట వస్తే మాత్రం ఆ రోజే చెయ్యున్రి, ఒక్కన్ని ఇడువకున్రి.

ఏమైందో చెప్పు చెప్పు అని ఇంట్ల మీరు గుంజి అడగకున్రి అక్కా. మొదటిరోజు పక్కన కూసోని పోన్రి, మా ఆమె నాతోని రైల్ల అట్లనే వచ్చింది, ఏం మాట్లాడకుండ.