షాపు కెమెరాల యాప్‌కి టూ-స్టెప్ పెడితే నాన్నగారికి ఇబ్బందా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాన్నగారి మందుల షాపు, మీరేమో హైదరాబాద్‌లో. కెమెరాల యాప్ టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడగడం) పెట్టుకోమంటోంది, పెడితే నాన్నగారికి రోజూ ఓటీపీ గోల అవుతుందా అని కదా మీరు అడిగింది. అవదు. చాలా యాప్‌లు కొత్త ఫోన్‌లో లాగిన్ అయినప్పుడే కోడ్ అడుగుతాయి. ఒకసారి ఆయన ఫోన్‌లో మీరే లాగిన్ చేసి ఇచ్చేస్తే తర్వాత మామూలుగానే తెరుచుకుంటుంది. నిశ్చింతగా పెట్టండి.

కాకపోతే దానికంటే ముందు ఆ అకౌంట్ ఎవరి నంబరు మీద ఉందో చూడండి. గుణుపురంలో మా మావయ్య బట్టల షాపు కెమెరాల సంగతి నేనే చూస్తుంటాను. మావైపు కెమెరాలు బిగించే కుర్రాళ్లు పని తొందరగా తెమిలిపోతుందని తమ నంబరుతోనే అకౌంట్ తెరిచి, డీవీఆర్‌ని (కెమెరాల రికార్డింగ్ దాచే డబ్బాని) దానికి కలిపి, ఓనరుకి ‘షేర్’ చేసి వెళ్లిపోతుంటారు. అందులో చెడ్డ ఉద్దేశం ఉండాలనేం లేదు. కానీ పెత్తనం వాళ్లది, మనకి చూసే భాగ్యం మాత్రమే. ఆ స్థితిలో ఆ అసలు అకౌంట్‌కి టూ-స్టెప్ పెడితే కోడ్ పోయేది ఆ కుర్రాడి ఫోన్‌కే!

మావయ్య షాపులో అదే జరిగింది. డీవీఆర్ సాధారణంగా ఒక్క అకౌంటుకే కట్టి ఉంటుంది. అందుకని ముందు ఆ కుర్రాడి చేతే అతని యాప్‌లోంచి తీయించి, మావయ్య నంబరుతో కొత్త అకౌంట్ తెరిచాం. దేవుడి పటాల పక్క అరలోంచి దుమ్ముకొట్టుకుపోయిన డబ్బాని దించి, అడుగున ఉన్న స్టిక్కర్ తుడిచి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కలిసింది. ఆ స్టిక్కర్ ఫోటో తీసి ఉంచుకోండి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి, కొన్ని కంపెనీలు వెరిఫికేషన్ కోడ్ కూడా దాని మీదే వేస్తాయి.

రాయగడలో పిన్ని వాళ్లింటి వైఫై కెమెరా కథ వేరు. అకౌంట్ పిన్నిదే. సెట్టింగ్స్‌లో ‘లాగిన్ అయిన పరికరాలు’ తెరిస్తే పిన్ని ఫోన్, తమ్ముడి ఫోన్, వాటి కింద ఇంకోటి కనిపించింది. అది ఎవరిదో ఇంట్లో ఒక్కరూ చెప్పలేకపోయారు. తీరా చూస్తే, వైఫై పనిచేయనప్పుడు సాయానికి వచ్చిన పైవాటా అబ్బాయిది. అతను ఇల్లు ఖాళీ చేసి చాలా కాలమైంది, హాల్లో ఎవరు కూర్చున్నారో మాత్రం ఇంకా అతని ఫోన్‌లో కనిపిస్తూనే ఉంది. టూ-స్టెప్ పెట్టినంత మాత్రాన అప్పటికే లోపలున్నవాళ్లు బయటికి పోతారని నమ్మకం లేదు. పాస్‌వర్డ్ మార్చి, తెలియని ఫోన్లన్నీ తీసేసి, ఆ తర్వాతే ఆన్ చేయండి.

ఇక కోడ్ ఎలా రావాలన్నది. మా కొండల వైపు ఎస్సెమ్మెస్ ఎప్పుడొస్తుందో దానికే తెలీదు. మీ యాప్‌లో ఆథెంటికేటర్ (ఫోన్‌లోనే కోడ్‌లు తయారుచేసే వేరే యాప్) ఆప్షన్ ఉంటే అదే ఎంచుకోండి. మొదట్లో ఇచ్చిన ఒక రహస్య సంఖ్యనీ, ఫోన్‌లోని టైమ్‌నీ కలిపి సాధారణంగా 30 సెకన్లకో కొత్త కోడ్ అదే తయారు చేసుకుంటుంది కాబట్టి దానికి సిగ్నల్ అక్కర్లేదు. ఫోన్‌లో టైమ్ మాత్రం ఆటోమేటిక్‌లో ఉండాలి, తేడా ఉంటే కోడ్ తప్పు అంటుంది. యాప్ ఈమెయిల్‌కి మాత్రమే కోడ్ పంపే రకమైతే, ఆ జీమెయిల్‌కే టూ-స్టెప్ పెట్టండి. జీమెయిల్ 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

ఇంత చేసినా ఇది కాపాడేది యాప్ అకౌంట్‌నే. ఇంటర్నెట్ నుంచి నేరుగా డీవీఆర్‌లోకి రావడానికి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేసి ఉంటే ఆ దారి తెరిచే ఉన్నట్టు. 2016లో మిరాయ్ అనే వైరస్, కంపెనీ పెట్టి ఇచ్చిన పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి అలాగే దూరింది. 2017లో హిక్‌విజన్ కెమెరాల్లో, 2021లో దహువా వాటిలో అసలు లాగిన్‌నే దాటేసే లోపాలు బయటపడ్డాయి. లాగిన్ అడగని చోట రెండో అడుగు ఎక్కడిది? అందుకని పోర్ట్ ఫార్వర్డింగ్ తీయించేయండి, డీవీఆర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, ఫర్మ్‌వేర్ (డీవీఆర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయించండి. షాపులో పనివాళ్లకి అడ్మిన్ ఇవ్వకండి, చూడ్డానికి వేరే యూజర్ చాలు.

నాన్నగారికి ఒక్క మాట గట్టిగా చెప్పండి: కెమెరా కంపెనీ నుంచి అంటూ ఒడియాలో అడిగినా, హిందీలో అడిగినా ఫోన్‌లో కోడ్ చదివి చెప్పొద్దని. ఇంకో సంగతి, సరిహద్దు దాటి పాతపట్నం వైపు వెళ్లినప్పుడు పనికొస్తుందని చాలామంది దగ్గర ఒక ఆంధ్రా సిమ్ పడి ఉంటుంది. రీఛార్జ్ ఆగిపోతే ఆ నంబరు కొన్నాళ్లకి వేరేవాళ్లకి పోతుంది. కెమెరా అకౌంట్ దాని మీదే ఉంటే ఈ వారమే మార్చేయండి.