అమ్మతో ‘బాగానే ఉన్నా’ అని ఎన్నాళ్లు చెబుతావు తమ్ముడూ?

ప్రశ్న: అక్కా, షికాగో దగ్గర అరోరాలో ముగ్గురు రూమ్మేట్లతో ఉంటున్నాను. డిసెంబర్‌లో ఎమ్మెస్ అయిపోయింది. జనవరి 10 నుంచి ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) నడుస్తోంది, ఉద్యోగం రాలేదు. నాన్న పొలం తాకట్టు పెట్టి లోను తెచ్చారు. రాత్రి రెండైనా నిద్ర పట్టదు, గుండె దడగా ఉంటోంది. ఇంట్లో మాత్రం అంతా బాగుందనే చెబుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదువుతుంటే ఉద్యోగం సంగతి కన్నా ఆ ఇంటి మాటే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

పద్దెనిమిదేళ్ల కిందట నేనూ ఇదే ఊళ్లో, ఇదే చలిలో దిగాను. అమ్మ ఫోన్‌లో “ఏం తిన్నావే” అంటే “వంకాయ కూర, పప్పుచారు” అనేదాన్ని. ఒళ్లో పాలల్లో నానిపోయిన కార్న్‌ఫ్లేక్స్ గిన్నె ఉండేది. ఒక జనవరి సాయంత్రం అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, కారులోనే కూర్చుని అలా మాట్లాడి ఫోన్ పెట్టేశాక ముప్పావు గంట దిగలేకపోయాను. అద్దం మీద మంచు పేరుకుపోతోంది, వైపర్ వేయడానికి చెయ్యి లేవలేదు. ఉన్న కష్టం కన్నా అది లేనట్టు నటించడానికే నా ఒంట్లో సత్తువంతా అయిపోయేది. అందుకే చెబుతున్నాను, ముందు ఆ నటన ఆపు.

నాన్నగారికి ఎలా చెప్పాలనేగా నీ భయం? లెక్కతో చెప్పు. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు, శని ఆదివారాలు కూడా కలిపి. జనవరి 10 నుంచి ఎన్ని రోజులు వాడావో కాగితం మీద రాసి గోడకు అంటించు. అర్ధరాత్రి తలలో తిరిగే అంకె ఎప్పుడూ అసలు అంకె కన్నా భయంకరంగానే ఉంటుంది. నీ చదువుకు సంబంధించిన పని, వారానికి కనీసం 20 గంటలు, జీతం లేని వాలంటీర్ పనైనా సరే, మొదటి ఏడాది ఓపీటీలో ఉద్యోగం కిందే లెక్కకొస్తుంది. మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్ఓకి రేపే మెయిల్ పెట్టి, ఎలాంటి చోట చేయొచ్చో, దాన్ని ఎలా నమోదు చేయాలో కనుక్కో. ఈ సంగతి తెలియక రోజులు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను, నాకు ఇప్పటికీ బాధే.

గుండె దడను టెన్షనే అని నువ్వే తేల్చేసుకోకు. థైరాయిడ్‌కీ రక్తహీనతకీ కూడా అలాగే ఉంటుంది, డాక్టర్ చూడాలి. ఇన్సూరెన్స్ లేకపోతే ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఉంటాయి, అక్కడికి వెళ్లు. దడతో పాటు ఛాతీలో నొప్పో, ఊపిరి ఆడకపోవడమో, కళ్లు తిరగడమో ఉంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 911కి చేయాలి.

కౌన్సెలర్ దగ్గరికి వెళితే వీసాకు దెబ్బ అని మనవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటుంటారు. అది నిజం కాదు. ఒత్తిడి గురించి మాట్లాడటానికి వెళ్లినంత మాత్రాన వీసా పోదు. నువ్వు చెప్పింది వాళ్లు రహస్యంగానే ఉంచుతారు, ప్రాణాపాయం ఉందనిపిస్తే తప్ప. డిగ్రీ అయిపోయింది కాబట్టి యూనివర్సిటీ కౌన్సెలింగ్ నీకు ఇంకా దొరుకుతుందో లేదో అడుగు. ఇంకా చదువుతున్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, చాలా యూనివర్సిటీల్లో ఆ ఖర్చు మీరు కట్టిన ఫీజులోనే ఉంటుంది, వాడుకోండి. ఉద్యోగం ఉన్నవాళ్లు కంపెనీలో ఈఏపీ, అంటే ఉద్యోగుల సహాయ పథకం, ఉందేమో చూడండి, కొన్ని సిట్టింగులు ఉచితంగా ఇస్తారు. తెలుగు వచ్చిన థెరపిస్టు కావాలంటే వాళ్లకు నువ్వుండే రాష్ట్రం లైసెన్సు ఉండాలి, నీకైతే ఇల్లినాయ్ది.

బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు. 988కి ఫోన్ చెయ్యి, లేదా మెసేజ్ పెట్టు. 2022 జులై నుంచి దేశమంతా ఆ నంబరే, రాత్రీ పగలూ ఉచితం.

ఇక నిద్ర. రాత్రి పన్నెండింటికి వాట్సాప్ గ్రూపుల్లో లేఆఫ్ వార్తలు, వీసా పుకార్లు చదవడం ఈ రోజే మానేయ్. గ్రూపులు మ్యూట్ చేసి, ఫోన్ వంటింట్లో చార్జింగ్‌కి పెట్టి పడుకో. ఇక్కడ డిసెంబర్‌లో సాయంత్రం 4:20కే సూర్యుడు అస్తమిస్తాడు, ఆ చీకటి మనసుకూ పడుతుంది. మబ్బుగా ఉన్నా సరే మధ్యాహ్నం అరగంట బయట నడువు. అప్లికేషన్లు పొద్దున మూడు గంటలు గట్టిగా చేసి లాప్‌టాప్ మూసెయ్యి. వారానికోసారి రూమ్మేట్లతో కలిసి బాలాజీ గుడికి వెళ్లు. భక్తి ఉంటే మంచిదే, లేకపోయినా నాలుగు తెలుగు మాటలు చెవిన పడతాయి.

ఫోన్ వేళ కూడా మార్చు. చలికాలంలో ఇండియాకి మనకీ పదకొండున్నర గంటల తేడా. ఆదివారం పొద్దున ఎనిమిదికి నువ్వు చేస్తే అక్కడ రాత్రి ఏడున్నర, నాన్నగారు ఇంటికి వచ్చేసి ఉంటారు. “నాన్నా, ఉద్యోగం ఇంకా రాలేదు, ఇన్ని రోజులు మిగిలాయి, ఇదీ నేను చేస్తున్నది” అని మూడు ముక్కల్లో చెప్పెయ్. విన్నాక ఆయన కాసేపు మాట్లాడకపోవచ్చు. ఫోన్ పెట్టేయకుండా లైన్లోనే ఉండు. ఆ తర్వాత ఆయనే దిగులు పడుతున్నారనిపిస్తే అక్కడ 14416 ఉంది, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు అమ్మ చేత రాయించి పెట్టు.