ఏ కథనం రాయదగినది? చెన్నై జర్నలిజం విద్యార్థిని ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: చెన్నైలో జర్నలిజం పీజీ చదువుతున్నాను. మాది నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. కథనాలకు ఆలోచనలు చాలానే వస్తాయి కానీ, ఏది రాయదగినదో తేల్చుకోలేక ఏదీ పూర్తి చేయలేకపోతున్నాను. చెన్నై నీటి సమస్య, ఇక్కడి బడుల్లో తెలుగు చదువు, కోడంబాక్కం పాత స్టూడియోలు... వీటిలో ఏది రాస్తే ఇంటర్న్‌షిప్‌కు, తర్వాత ఉద్యోగానికి పనికొస్తుంది?

సమాధానం: మీరు రాసిన మూడూ మంచి అంశాలే కానీ, ఇంకా కథనాలు కాలేదు. జవాబు తెలియని ప్రశ్న ఒకటి, ఆ జవాబు వల్ల మేలో కీడో కలిగే మనుషులు, జవాబును రుజువు చేయగల కాగితమో కొలతో ఉన్నప్పుడే ఒక అంశం రాయదగినదవుతుంది. అవి ఉన్నాయో లేవో ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే తేలదు. ఒకటి రెండు రోజులు నలుగురికి ఫోన్ చేసి, దొరికిన రికార్డులు తిరగేసి, వీలైతే అక్కడికి వెళ్లి చూస్తేనే తేలుతుంది. విచారించకముందే ఎంపిక ముగించాలని చూడడం వల్లనే మీ పని ముందుకు సాగడం లేదని నాకు అనిపిస్తోంది.

మూడింటిలో మీకు బాగా తగినది నీటి సమస్యేనని నా అభిప్రాయం. అయితే ‘చెన్నైలో నీటి ఎద్దడి’ అని పంపితే ఏ ఎడిటరూ ఆగి చదవరు. 2019లో జలాశయాలు ఎండిపోయి, జులైలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీరు తెప్పించుకున్నప్పుడు ఆ విషయం దేశమంతటా పత్రికల్లో వచ్చింది. అదే అంశాన్ని ఆంధ్రా సరిహద్దు వైపు నుంచి చూడండి. 1983 నాటి తెలుగుగంగ ఒప్పందం ప్రకారం మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ కృష్ణా జలాల్లో తలా 5 టీఎంసీలు ఇవ్వగా, ఆవిరి నష్టం పోను ఏటా 12 టీఎంసీలు చెన్నైకి చేరాలి. శ్రీశైలంలో మొదలైన ఆ నీరు సోమశిల మీదుగా కండలేరు చేరి, అక్కడి నుంచి సుమారు 150 కిలోమీటర్ల కాలువ దాటి ఊత్తుకోట దగ్గరి జీరో పాయింట్‌లో తమిళనాడులోకి ప్రవేశించి, పూండి జలాశయంలో కలుస్తుంది. చాలా సంవత్సరాల్లో ఒప్పందంలో ఉన్నంత నీరు రాలేదు. సత్యసాయి ట్రస్టు చొరవతో 2000 దశకం తొలినాళ్లలో కాలువకు లైనింగ్ చేసిన తర్వాత రాక మెరుగైంది కానీ, లోటు పూర్తిగా తీరలేదు.

ఇప్పుడు ప్రశ్న దానంతట అదే రూపు దిద్దుకుంటుంది: ఒక సీజన్‌లో కండలేరు దగ్గర వదిలిన నీటికీ జీరో పాయింట్ దగ్గర కొలిచిన నీటికీ తేడా ఎంత, ఆ తేడా ఇంకడం వల్ల వచ్చిందా, దారిలో తోడుకోవడం వల్ల వచ్చిందా, లేక అసలు వదలడంలోనే తక్కువైందా? రెండు చోట్లా కొలతలు తీస్తారు కాబట్టి రుజువుకు ఆధారం ఉంది. పూండి, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నీటిమట్టాలను చెన్నై మెట్రోవాటర్ ఏ రోజుకారోజు వెల్లడిస్తుంది కాబట్టి మీ అంకెలను వాటితో సరిచూసుకోవచ్చు. వీటన్నిటికంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. సత్యవేడు వైపు కాలువ గట్టున పొలం చేసుకునే రైతుతో తెలుగులోనూ, పూండిలో పనిచేసే ఇంజినీరుతో తమిళంలోనూ దుబాసీ లేకుండా మాట్లాడగల విద్యార్థులు మీ తరగతిలో ఎంతమంది ఉంటారు? ఒక ఆలోచనను తూచేటప్పుడు ఇది బాగుందా అని మాత్రమే అడిగి ఊరుకోకండి, దీన్ని నాకంటే బాగా ఎవరు రాయగలరు అని కూడా అడగండి. ఆ రెండో ప్రశ్నకు ఎవరి పేరూ వెంటనే తట్టకపోతే ఆ ఆలోచనను వదలవద్దు.

రెండు రోజుల విచారణలో ఆ తేడా చాలా తక్కువని తేలితే నిరాశపడకండి. అప్పుడు ప్రశ్న కాలువ నుంచి కండలేరుకు మారుతుంది, నీరు ఎప్పుడు వదలాలో ఎవరు, దేన్ని బట్టి నిర్ణయిస్తున్నారన్నది కథనమవుతుంది. అక్కడ కూడా కొత్త సంగతి దొరకకపోతే నిస్సంకోచంగా పక్కన పెట్టేయండి.

తెలుగు చదువు విషయం నిజంగా రాయదగినదే కానీ, దానికి సమయం పడుతుంది. బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఆ విద్యా సంవత్సరంలో ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతి చొప్పున 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. ఆ మార్పు వల్ల తెలుగు టీచరు పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయో, ఎన్ని రద్దయ్యాయో మీకు అంకెల్లో కావాలి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే జవాబివ్వడానికి అధికారులకు 30 రోజుల గడువు ఉంటుంది, ఆ గడువు దాటితే అప్పీలు చేయాలి. అంకెలు లేకుండా నలుగురు తల్లిదండ్రుల ఆవేదన మాత్రమే రాస్తే వారికి న్యాయం చేసినట్టు కాదు. స్టూడియోల సంగతి ప్రస్తుతానికి వదిలేయండి. విజయా-వాహిని స్థలంలో మాల్ వచ్చిందని పాఠకులకు తెలుసు, మీరు పంపిన వివరాల్లో ఆ జ్ఞాపకాలకు మించిన ప్రశ్న నాకు కనిపించలేదు.

ఇంటర్న్‌షిప్ విషయానికొస్తే, దరఖాస్తుతో పాటు పూర్తి చేసిన ఒక కథనాన్ని, దాని వెనక చేసిన విచారణను ఆరేడు వాక్యాల్లో చెప్పే చిన్న నోట్‌ను జతచేయండి. ఎవరిని కలిశారో, ఏ రికార్డు చూశారో, ఏది తేలలేదో అందులో ఉండాలి. అసంపూర్తిగా ఆగిన పది ఆలోచనల జాబితా కంటే అది మీ పనితీరును బాగా చూపిస్తుంది. ఈ వారంలోనే పాఠశాల విద్యాశాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టేసి, జవాబు వచ్చేలోపు ఊత్తుకోటకు వెళ్లి రండి.